సార్‌తోని ఒక్కసారి మాట్లాడుండ్రి

చలాన్ పైసలు ఇకమీద నేరుగా బ్యాంకు ఖాతాలోంచే కోసుకోవాలని తెలంగాణ ముఖ్యమంత్రి అన్నప్పటి నుంచి మా తొర్రూరులో చాయ్ హోటళ్ల దగ్గర ముఖాలు వేలాడుతున్నాయి. పైసలు పోతాయన్న బాధ ఎవరికీ ఉన్నట్టు లేదు. మన ఖాతాలో చెయ్యి పెట్టమని సర్కారుకు ఏ చట్టం చెప్పిందని ఒక్కరూ అడగలేదు, అడగాల్సిన ప్రశ్న అదే అయినా. బస్టాండ్ ఎదురుగా ఒక పెద్దమనిషి సాసర్‌లో చాయ్ పోసుకుంటూ అందరి దుఃఖాన్నీ ఒక్క ముక్కలో చెప్పేశాడు: "గట్లయితె ఇగ మాట్లాడుకునుడు ఎట్ల?"

మాట్లాడుకునుడు. రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కులు ఆరు. ఏడోది వరంగల్–ఖమ్మం రోడ్డు మీద మనమే రాసుకున్నాం. పోలీసు బండి ఆపితే, తప్పు చేశామా లేదా అన్నది తర్వాతి సంగతి, ముందు మాట్లాడుకునే వీలుండాలి. మాట్లాడుకున్నాక వదిలెయ్యాలి. వదిలేస్తే దేవుడిలాంటి ఎస్సై. వదలకపోతే టార్గెట్లు పెట్టుకుని జనాన్ని పీక్కుతినే ఎస్సై. అదే ఎస్సై మన పక్కింటివాణ్ని వదిలేశాడనుకోండి, అప్పుడు లంచగొండి. ఇంత నిలకడగల న్యాయసూత్రం ఇంకే రంగంలోనూ మనకు లేదు. ఇప్పుడొచ్చిన చిక్కల్లా కంప్యూటర్‌కు బామ్మర్ది లేకపోవడం.

మాట్లాడుకోవడమంటే ఆపిన పోలీసుతో మాట్లాడటమని బయటివాళ్లు పొరబడతారు. మా దగ్గర బండి ఆగగానే చెయ్యి జేబులోకి పోతుంది. లైసెన్స్ తీస్తున్నాడనుకునే కానిస్టేబుల్ ఇంకా కొత్త. బయటికొచ్చేది ఫోన్. బండి స్టాండ్ కూడా వెయ్యడు, ఒక కాలు నేల మీద, ఒక కాలు బ్రేకు మీద. మొదటి నంబర్ రింగవుతుంది, ఎత్తరు. రెండోది బిజీ. "ఒక్క నిమిషం సార్, లైన్ల ఉన్నడు" అంటాడు. లైన్లో ఉన్నదెవరో చెప్పడు, ఎందుకంటే ఎవరు ఎత్తితే వారే. ఈలోగా వెనకాల ఇంకో ముగ్గురు ఆగుతారు, ముగ్గురూ ఫోన్లు తీస్తారు. దూరం నుంచి చూసేవాళ్లకు అక్కడ ఏదో అత్యవసర సమావేశం జరుగుతున్నట్టే ఉంటుంది.

మూడో నంబర్ ఎత్తుతుంది. ఇక్కడి నుంచి అసలు కళ. "అన్నా, నన్ను ఆపిన్రు. ఆఁ, ఈన్నే, బంక్ కాడ. ఆఁ, సారున్నడు. ఇస్తున్న, ఇస్తున్న" అని ఫోన్‌ను రెండు చేతులతో, పెళ్లిలో తాంబూలం అందించినంత మర్యాదగా కానిస్టేబుల్ ముందుకు చాపుతాడు. "ఒక్కసారి మాట్లాడుండ్రి సార్." కానిస్టేబుల్ చేతులు వెనక్కి కట్టుకుంటాడు. ఫోన్ చెవికి తగిలితే కేసు పోయినట్టేనని ఆయనకు తెలుసు. అవతలివాడు ఇంకొంచెం చాపుతాడు. ఈయన ఒక అడుగు వెనక్కి వేస్తాడు. ఫోన్లోంచి "హలో, హలో, ఎవలు మాట్లాడేది" అని గొంతు వస్తూనే ఉంటుంది, ఎండలో, ఎవరి చెవికీ చెందకుండా. ఈ కుస్తీని నేను ఈ రోడ్డు మీద ఒకచోట నిలబడి చివరిదాకా చూశాను. స్టేషన్ పేరు చెప్పను, చెప్తే నాకూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. కానిస్టేబుల్ ఫోన్ తీసుకోలేదు. అప్పుడు అవతలి పెద్దమనిషి నేరుగా జీపులో కూర్చున్న ఎస్సై ఫోన్‌కే కొట్టాడు. ఎస్సై అద్దం దించి, ఏమీ అనకుండా, రెండు వేళ్లు ఊపాడు. అంతే. తాళం చెవి తిరిగొచ్చింది. కానిస్టేబుల్ ముఖం చూసి ఉంటే మీరు కూడా చలాన్ కట్టేవారు.

ఎవరికి ఫోన్ చెయ్యాలన్నదాంట్లో కూడా అంతస్తులున్నాయి. వార్డు మెంబర్ అట్టడుగు. ఆయన ఫోన్ చేస్తే పోలీసు "ఎవరు?" అని రెండుసార్లు అడుగుతాడు. ఆయన పైన సర్పంచ్. 2025 డిసెంబర్‌లో మూడు విడతల్లో పంచాయతీ ఎన్నికలయ్యాయి కదా, కొత్త సర్పంచులు వీధిలైట్ల స్తంభాలు లెక్కపెట్టుకోకముందే, ట్రాక్టర్ డీజిల్ బిల్లు ముట్టుకోకముందే, బండ్లు విడిపించే శాఖ బాధ్యతలు ప్రమాణస్వీకారం నాడే చేపట్టారు. సర్పంచ్ పైన మాజీ ఎంపీటీసీ, మాజీ కౌన్సిలర్. మాజీ అని తీసిపారేయొద్దు, మాజీకి తీరిక ఎక్కువ, మొదటి రింగుకే ఎత్తుతాడు. ఆ పైన మండల పార్టీ అధ్యక్షుడు. ఆ పైన ఎమ్మెల్యే పీఏ. ఎమ్మెల్యేకు ఎవరూ నేరుగా చెయ్యరు, హెల్మెట్ కోసం ఎమ్మెల్యేను వాడుకుంటే రేపు భూమి తగాదాకు ఎవరుంటారు? అటు పోలీసు శాఖలోనే చుట్టరికాలున్న కులీనులు వేరే. "మా మేనత్త కొడుకు కమిషనరేట్ల చేస్తడు." ఏం చేస్తాడో అడక్కండి, చేస్తాడు.

2023 డిసెంబర్‌లో రాష్ట్రంలో ప్రభుత్వం మారితే మా దగ్గర అన్నిటికంటే ముందు మారినవి ఫోన్లలో సేవ్ చేసుకున్న పేర్లు. అప్పటిదాకా "అన్న" అని ఉన్న నంబర్ పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా మారిపోయింది. కొత్త "అన్న" వచ్చాడు. పథకాలు ఎవరికి అందాయో, ఎవరికి అందలేదో సర్వేలు అక్కర్లేదు, ఒకరోజు చెకింగ్ దగ్గర నిలబడి ఎవరి నంబర్‌కు పోలీసు నిటారుగా నిలబడుతున్నాడో చూస్తే మండల రాజకీయం మొత్తం తెలుస్తుంది.

పోనీ, ఇంత యాగీ ఎందుకోసం? హెల్మెట్ లేని చలాన్ కోసం. ఈ రాష్ట్రంలో అది చికెన్ కిలో ధర దాటదు, దాని మీద 35 రూపాయల యూజర్ చార్జీ. దాన్ని తప్పించుకున్నందుకు మనవాడు ఏం కడతాడో లెక్కపెడదాం. ఫోన్ ఎత్తిన అన్న పుట్టినరోజుకు ఫ్లెక్సీలో తన ఫోటో వేయించాలి, అది వెయ్యి, రెండు వేలు. అన్న హన్మకొండ మీటింగ్‌కు పిలిస్తే పని మానుకుని డీసీఎం వ్యాను ఎక్కాలి. అన్న కూతురు ఓణీల ఫంక్షన్‌కు కట్నం చదివించాలి. అన్నతో పేచీ ఉన్నవాడితో మాటలు మానెయ్యాలి. ఓటు సంగతి సరేసరి. చలాన్ ఒక్కసారి కడితే రశీదు వస్తుంది, తెగిపోతుంది. ఇది తెగదు. వడ్డీ వ్యాపారి కూడా ఇంత వసూలు చేయడు, చేస్తే ఊరంతా ఏకమై పంచాయితీ పెడతాం. దీనికి మాత్రం మనమే ఎదురు దండం పెడతాం.

నాయకుడికి ఇంతకంటే సుఖమైన బేరం ఏముంది? రోడ్డు వెయ్యాలంటే నిధులు కావాలి, కాంట్రాక్టర్ కావాలి, ఫారెస్టువాళ్ల అనుమతి కావాలి. బండి విడిపించడానికి నిమిషంన్నర చాలు, అదీ కూర్చున్నచోటు నుంచి. మా ప్రాంతంలో ఒక నాయకుడి గురించి జనం చెప్పే అత్యున్నత ప్రశంస ఏమిటో గమనించండి: "మంచోడు, ఎప్పుడు చేసినా ఫోన్ ఎత్తుతడు." బడి కట్టించాడని కాదు, ఆస్పత్రికి డాక్టర్‌ను తెచ్చాడని కాదు. ఎత్తుతాడు! ఆయన ఎత్తాల్సింది మా గుంతల రోడ్డు మీద మట్టి అన్న సంగతి ఫోన్ చేసినవాడికి గుర్తుండదు, గుర్తుంటే ఫోన్ చెయ్యలేడు.

ఈ అలవాటు మనకు పైనుంచే దిగింది. 2017 మే 1 నుంచి మంత్రుల కార్ల మీద ఎర్ర బుగ్గలు తీసేయించారు. వీఐపీ సంస్కృతి పోయిందని పేపర్లన్నీ రాశాయి. ఎక్కడికి పోతుంది? కారు మీది నుంచి దిగి ఫోన్లో దూరింది. ఒకప్పుడు మండలానికి ఒకటో రెండో బుగ్గలుండేవి, ఇప్పుడు ప్రతి స్ప్లెండర్‌కూ ఒకటి.

తప్పించుకునే తక్కిన విద్యల గురించి ఒక్కో మాట చాలు. "ప్రెస్" స్టిక్కర్లను లెక్కపెడితే ఒక్క మా మండలంలోంచే నాలుగు దినపత్రికలు నడపొచ్చు. నంబర్ ప్లేట్ ఆఖరి అంకె మీద ప్రత్యేకంగా అతుక్కునే బురద ఏ చెరువుదో వ్యవసాయ శాఖ పరీక్షించాలి. నల్ల ఫిల్ములు వద్దని సుప్రీంకోర్టు 2012లోనే చెప్పింది, అద్దాలకు వినిపించినట్టు లేదు. ఎదురొచ్చే బండికి హెడ్‌లైట్ రెండుసార్లు కొట్టి "ముంగట ఉన్నరు" అని హెచ్చరించే సోదరభావం, అదే రోడ్డు మీద యాక్సిడెంటయి పడి ఉన్నవాడి దగ్గర ఫోన్‌తో వీడియో తీస్తుంది. హెల్మెట్ మోచేతికి, పెట్రోల్ ట్యాంకు మీద, భార్య ఒళ్లో భద్రంగా ఉంటుంది, తల ఒక్కటే ఖాళీ. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చచ్చిపోతే అందులో 50,029 మంది హెల్మెట్ లేనివాళ్లని కేంద్ర రవాణా శాఖ లెక్క. యాభై వేల మంది. మోచేతికి దెబ్బ తగిలి ఎంతమంది పోయారో ఆ నివేదికలో వెతికాను, అలాంటి గడి లేదు.

జనాన్ని అని ఏం లాభం, సర్కారే టోకు వ్యాపారం పెట్టింది కదా. 2022 మార్చిలో బైకులు, ఆటోల చలాన్లకు 75 శాతం మాఫీ, కార్లకూ లారీలకూ 50, ఆర్టీసీకి 70, తోపుడు బండ్లకు 80. కరోనాలో మాస్కు పెట్టుకోనందుకు వేసిన 1000 రూపాయలు 100 కట్టి తెంపుకొమ్మన్నారు. మార్చి ఆఖరు అన్నారు, ఏప్రిల్ 15 దాకా సాగదీశారు. 300 కోట్ల దాకా వచ్చాయని మురిసిపోయారు. ప్రభుత్వం మారింది, 2023 డిసెంబర్ 26న అదే దుకాణం మళ్లీ తెరిచారు: ఈసారి బైకులకు 80, కార్లకు 60, ఆర్టీసీకీ తోపుడు బండ్లకూ 90. జనవరి 10 ఆఖరన్నారు, తర్వాత 31 అన్నారు, తర్వాత ఫిబ్రవరి 15. ఆషాఢం చీరల సేల్‌కు కూడా ఇంత పొడిగింపు ఉండదు. అరటిపండ్ల తోపుడు బండికి చలాన్ ఏమిటి, దానికి నంబర్ ప్లేటేమిటని అడగబోయి మానుకున్నాను. అడిగితే ఆ బండివాడికి ఇంకొకటి పడుతుంది.

ఈ లెక్కలో 1000 రూపాయల చలాన్‌ను పడ్డ నాడే కట్టినవాడు 800 పోగొట్టుకున్న వెర్రిబాగులవాడు. మూడేళ్లు నంబర్ ప్లేటుకు బురద పూసుకుని తిరిగినవాడు తెలివైనవాడు. వాడికి సర్కారు స్వయంగా ఎస్ఎంఎస్ పంపి "రండి, తక్కువకు తెంపుకోండి" అని బతిమాలింది. 75 తర్వాత 80 వచ్చింది, 80 తర్వాత 90 వస్తుందని మా కాడ కూర్చుని ఎదురుచూస్తున్న పెద్దలు ఎందరో. ఇక రాయితీల్లేవని ముఖ్యమంత్రి 2026 జనవరిలో గట్టిగా చెప్పారు. మంచిదే. రుణమాఫీల కాలంలో పుట్టిన జనం మేము, ఆఖరిసారి అన్న మాటను ఎన్నిసార్లు విన్నాం.

ఈ మాఫీలకు ముందే ఇంకో ఘనకార్యం ఉంది. 2019 సెప్టెంబర్ 1 నుంచి పార్లమెంటు పెంచిన జరిమానాలు అమల్లోకి వచ్చాయి. హెల్మెట్ లేకపోతే 1000 రూపాయలు, లైసెన్స్ మూడు నెలలు సస్పెండ్. జనం మీద అంత భారం వెయ్యబోమని అప్పటి ముఖ్యమంత్రి అసెంబ్లీలోనే చెప్పారు. పాత రేట్లే ఉంచారు. అంటే చట్టాన్నే రోడ్డు పక్కన ఆపి, "జర చూడుండ్రి" అని వదిలేశారు. గుజరాత్‌లో ఇంకో మెట్టు ఎక్కారు: 2022 దీపావళికి వారం రోజులు చలాన్లే ఉండవు, తప్పు చేసినవాడికి పోలీసులు పువ్వు ఇస్తారని అక్కడి మంత్రి ప్రకటించాడు. అప్పుడు వాళ్లకు అసెంబ్లీ ఎన్నికలు దగ్గరపడ్డాయి. లారీ కింద పడ్డవాడికి కూడా చివరికి పువ్వులే కదా వేసేది.

ఇక్కడి నుంచి నాకు నవ్వు రావడం లేదు.

2023 ఆగస్టు 16 తెల్లవారి మా ఇదే రోడ్డు మీద, వర్ధన్నపేట దగ్గర ఇల్లంద కాడ, తేనె పట్టి అమ్ముకుని బతకడానికి రాజస్థాన్ నుంచి వచ్చిన కూలీల ఆటోను లారీ గుద్దింది. శవాలు ఆటోలో ఇరుక్కుపోయాయి. 2025 జనవరి 26న, గణతంత్ర దినం నాడు, మామునూరు దగ్గర ఇనుప పట్టాల లోడుతో ఉన్న లారీ ఆటోల మీద పడింది. ఏడు ప్రాణాలు, పొట్టచేత పట్టుకుని మధ్యప్రదేశ్ నుంచి వచ్చిన కుటుంబాలు. రెండుచోట్లా డ్రైవర్లు తాగి ఉన్నారని వార్త. ఆ రెండు లారీలనూ ఎవరో ఆపి వదిలేశారని నేను అనడం లేదు. నేను అంటున్నది ఇది: ఇదే రోడ్డు మీద తాగి దొరికిన "మనోడి" కోసం ఫోన్ చేసినవాళ్లు మర్నాడు పేపర్ చూసి "అయ్యో పాపం" అన్నారు. ఆ నోటితోనే. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరమని చట్టం. ఆ అంకె ఎవరికీ గుర్తుండదు. గుర్తుండేది ఇంకోటి: "మిషన్ల ఊదకముందే ఫోన్ కొట్టాలె. ఊదినంక ఎవలు జేసిన ఏం గాదు." ఊదితే అంకె మిషన్‌లో పడుతుంది, కోర్టుకు పోతుంది, అక్కడ అన్నలు పనిచెయ్యరు. ఎంత వివరంగా తెలుసో చూడండి మనకు. చంపే చోటు ఎక్కడుందో కాదు, తప్పించుకునే సందు ఎక్కడుందో.

మిర్చి ఏరే రోజుల్లో, పొద్దున ఆరుకు దంతాలపల్లి వైపు, నెల్లికుదురు వైపు వెళ్లి నిలబడండి. ఏడు సీట్ల ఆటోలో పదిహేను మంది ఆడకూలీలు. డ్రైవర్ సగం బయట, స్టీరింగ్‌కు అటొకరు ఇటొకరు, వెనక డిక్కీలో కాళ్లు వేలాడేసుకుని నలుగురు. ఆడవాళ్లకు బస్సు ఉచితమే, కానీ ఆ బస్సు మిరపతోట గెట్టు దాకా రాదు, ఆరింటికీ రాదు. పోలీసు చూస్తాడు. "పాపం కూలోళ్లు" అని వదిలేస్తాడు. ఇది కూడా చూసీ చూడకపోవడమే, దయతో చేసింది. లారీ వచ్చినప్పుడు ఈ దయ ఎంతమందిని మింగుతుందో ఇల్లంద చెప్పింది. అదే పోలీసు ఆ తర్వాత, అదే చోట, ఎక్సెల్ బండి మీద యూరియా బస్తా వేసుకుని పోతున్న ముసలాయన్ను ఆపుతాడు. ఆయనకు హెల్మెట్ లేదు, ఇన్సూరెన్స్ ఎప్పుడు అయిపోయిందో తెలియదు, ఆర్సీ కొన్నవాడి పేరు మీదా లేదు, అమ్మినవాడి పేరు మీదా లేదు. ఆయన జేబులోనూ ఫోన్ ఉంది, బటన్ల ఫోన్, అందులో కొడుకు నంబర్ ఒక్కటే ఉంది, ఆ కొడుకు హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. ఆయన ఎవరితో మాట్లాడించాలి? ఎవరూ లేరు కాబట్టి "సారూ, బాంచెన్, ఇడిసిపెట్టు" అని చేతులు జోడించాడు. ఏ మాట పోవాలని ఈ గడ్డ మీద మనుషులు ప్రాణాలిచ్చారో ఆ మాట డెబ్బై ఏళ్ల మనిషి నోట, జాతీయ రహదారి మీద, మధ్యాహ్నం పన్నెండింటికి, అందరూ వింటుండగా వచ్చింది. పక్కన ఫార్చ్యూనర్ ఆగకుండా పోయింది. అద్దాలు నల్లగా ఉన్నాయి. దాన్ని ఆపడానికి ఎవరూ చెయ్యి కూడా ఎత్తలేదు.

పోలీసుకు విచక్షణ వద్దని నేను అనను. మోటారు వాహనాల చట్టం 200వ సెక్షన్ కొన్ని నేరాలను అక్కడికక్కడే జరిమానాతో తేల్చేసే అధికారం ఇచ్చింది, ప్రతి చిన్న తప్పుకూ కోర్టు మెట్లు ఎక్కించకుండా. నెలలు నిండిన భార్యను ఆస్పత్రికి తీసుకుపోతున్నవాణ్ని ఆపి హెల్మెట్ ఏదని అడిగేవాడు పోలీసే కాడు. దండించడం కంటే మందలించి పంపడం మేలైన సందర్భాలు రోజుకు పది ఉంటాయి, వాటిని కనిపెట్టే మనిషికే యూనిఫాం ఇవ్వాలి. కానీ మనం ఆ విచక్షణను ఎత్తుకుపోయాం. పోలీసు కంటితో చూసి తీసుకోవాల్సిన నిర్ణయాన్ని వాడి చెవిలోకి మార్చాం. ముసలాయన చేతులు కనిపించాల్సిన చోట పీఏ గొంతు వినిపించేలా చేశాం. పైగా పోలీసులకు మానవత్వం లేదని మనమే తిడతాం. పోస్టింగ్ ఎవరి మాట మీద వస్తుందో, ఎవరి మాట మీద పోతుందో ఊళ్లో ప్రతివాడికీ నోటికొచ్చు, ఆ ఎస్సైని మాత్రం ఫోన్ ఎత్తొద్దంటాం, మన ఫోన్ తప్ప.

పిల్లల సంగతి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మైనర్ బండి నడిపి ఈ చట్టం కింద నేరం చేస్తే తల్లిదండ్రులకో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా అని 199ఏ సెక్షన్. మా వాడలో ఒక తండ్రి మీసం మెలేస్తూ "మావోడు ఏడో తరగతిలనే బుల్లెట్ కొడ్తడు" అని చెప్పుకుంటాడు. పట్టుబడిన రోజు ఫోన్ చెయ్యడానికి పోటీ పడేది ఈయన బంధువులే. "పిలగాడు సార్, తెలువక చేసిండు." తెలియక చేసింది పిల్లవాడు, తెలిసి తాళం ఇచ్చింది ఎవరు?

చట్టంలో మనకు పనికొచ్చేవి కూడా ఉన్నాయి, వాటి జోలికి ఎవరూ పోరు. కెమెరాతో పట్టుకున్న నేరానికి పదిహేను రోజుల్లోపు నోటీసు పంపాలని 2021లో కేంద్రం నిబంధన పెట్టింది. కెమెరా ఉన్నచోట ఉందని బోర్డు పెట్టాలి, ఆ పరికరానికి ఏటేటా ధ్రువీకరణ ఉండాలి. ఇక 210బి సెక్షన్ ఉంది, నాకు చాలా ఇష్టమైంది: చట్టాన్ని అమలు చేసే అధికారే ఆ చట్టం కింద తప్పు చేస్తే మామూలు మనిషికి పడేదానికి రెట్టింపు జరిమానా. హెల్మెట్ లేకుండా తిరిగే ఖాకీ బైకు ఎదురైనప్పుడల్లా ఈ సెక్షన్ చదివి వినిపించాలనిపిస్తుంది. ఎమ్మెల్యే పీఏ బామ్మర్ది నంబర్ కంఠతా వచ్చినవాళ్లెవరికీ ఈ మూడు ముక్కలు రావు. హక్కుగా గెలిచేదాన్ని కూడా ఉపకారంగా పొందితేనే మనకు తృప్తి.

ఇక ఖాతాలోంచి కోస్తామన్న ప్రకటన మీద నాకు జాలి తప్ప నమ్మకం కలగడం లేదు. మా దగ్గర సగం బండ్లు మూడు చేతులు మారినవి. తొర్రూరులో కొన్న బండి మరిపెడలో అమ్ముతారు, అక్కణ్నుంచి కురవి పోతుంది, ఆర్సీ మాత్రం మొదటివాడి పేరు మీదే ఉంటుంది. ఎవడో ఖమ్మంలో ముగ్గుర్ని ఎక్కించుకుని పోతే 1200 రూపాయలు హరిపిరాలలో ఒకడి ఖాతాలోంచి పోతాయన్నమాట. అదే ఖాతాలో ఎకరానికి 6,000 చొప్పున రైతు భరోసా పడుతుంది, ముసలమ్మ పింఛను 2,016 పడుతుంది. ఒక సర్కారు కుడిచేత్తో వేసి ఎడంచేత్తో తీసుకుంటే బ్యాంకు మేనేజర్‌కు తప్ప ఎవరికీ అర్థం కాదు, ఆయనకూ ఆ రోజు సర్వర్ డౌన్ ఉంటుంది. ఫార్చ్యూనర్ వాడి ఖాతా ఏ కంపెనీ పేరు మీద ఉంటుందో, అందులో ఎంత ఉంటుందో మీరే ఊహించండి. ముసలాయన ఖాతా మాత్రం ఆధార్‌తో, ఫోన్ నంబర్‌తో, వేలిముద్రతో సహా సిద్ధంగా ఉంది. మిషన్‌కు బామ్మర్ది లేడు, నిజమే. కళ్లు కూడా లేవు. ముసలాయనకు దొరకాల్సిన ఆ కాస్త మందలింపు, ఆ "పో తాతా, రేపటి నుంచి పెట్టుకో" కూడా దొరకదు. ఫోన్లు చేసేవాళ్లు మాత్రం ఇంకో నంబర్ వెతుక్కుంటారు. ఇప్పటికే ఒకాయన అడిగాడు: ఆ సర్వర్ యాడుంటది, అక్కడ మనోళ్లు ఎవలన్న ఉన్నరా?

కాబట్టి ఖాతాల జోలికి పోకుండా నేనొక చిన్న పని సూచిస్తాను, ఖర్చు ఒక్క నోటుబుక్కు. ప్రతి స్టేషన్‌లో చలాన్లు వేసిన బండ్ల లెక్క ఎలాగూ ఉంటుంది. దాని పక్కన ఆపి వదిలేసిన బండ్ల రిజిస్టర్ ఒకటి పెట్టండి. బండి నంబర్, తప్పు, టైము, ఎవరు ఫోన్ చేశారు, ఏ హోదాలో చేశారు. నెలకోసారి ఆ పేజీ జిరాక్స్ తీసి గోడకు అంటించండి, సమాచార హక్కు కింద అడిగినవాళ్లకు ఇవ్వండి. గర్భిణి ఉందని వదిలితే గర్భిణి అని రాయండి, ముసలాయన అని వదిలితే ముసలాయన అని రాయండి, చదివినవాళ్లు ఆ ఎస్సైకి దండం పెడతారు. ఆఖరి గడి "కారణం" మాత్రం కొంచెం వెడల్పుగా గీయించండి. "మనోడే" అన్న ఒక్క మాటకు అంత చోటు అక్కర్లేదు గానీ, ఎవరికి మనోడో కూడా రాయాలి కదా.